కరువు, కాలువ, కుటుంబం: ఒంగోలు క్రైస్తవ చరిత్ర వెలుగులో ‘అంటరాని వసంతం’

ఉపోద్ఘాతం

తెలుగునాట దళితుల క్రైస్తవ స్వీకారం గురించి రెండు కథనాలు నూరేళ్ళకు పైగా ప్రచారంలో ఉన్నాయి. మొదటిది మిషనరీ కథనం. సముద్రాలు దాటి వచ్చిన దొర చీకటిలో ఉన్నవారికి వెలుగు చూపిస్తాడు, వేలమంది బాప్తిస్మం పొందుతారు. రెండవది నింద రూపంలో ఉన్న కథనం. కరువులో గంజి పోసినందుకు, కాలువ పనిలో కూలి ఇచ్చినందుకు మాల మాదిగలు మతం మారారన్నది దాని సారాంశం. పైకి ఈ రెండూ పరస్పర విరుద్ధాలుగా కనిపిస్తాయి. కానీ వాక్య నిర్మాణం దృష్ట్యా చూస్తే రెండింటిలోనూ కర్తృపదం దొరదే. మాల మాదిగలు రెండింటిలోనూ కర్మపదాలే. ఒకదానిలో వారు రక్షింపబడ్డారు, మరొకదానిలో కొనబడ్డారు.

జి. కల్యాణరావు రాసిన ‘అంటరాని వసంతం’ (2000) నవలను ఈ రెండు కథనాల నేపథ్యంలో చదవడం ఈ వ్యాస ఉద్దేశం. ఈ నవలను విమర్శకులు దళిత నవలగా, విప్లవ నవలగా, ప్రత్యామ్నాయ సాహిత్య చరిత్రగా చర్చించారు. ఆ చర్చలన్నీ విలువైనవే. అయితే ఒక క్రైస్తవ కుటుంబ చరిత్రను చెప్పిన చారిత్రక నవలగా దీనిని చదివినప్పుడు మరొక అంశం బయటపడుతుంది. విశ్వాసం వ్యక్తి గుండెలో హఠాత్తుగా వెలిగే దీపంగా ఇందులో కనిపించదు. అది కుటుంబం గుండా, బంధుత్వం గుండా, జ్ఞాపకం గుండా ప్రవహించే వస్తువు. ఒంగోలు ప్రాంత చరిత్రను నిశితంగా చూస్తే ఆధారాలు కూడా ఇదే చెబుతాయి. నవల కల్పన చరిత్రకు దూరంగా పోలేదనీ, చరిత్ర రచన పక్కన పెట్టిన కర్తృత్వాన్ని తిరిగి తెచ్చిందనీ నిరూపించడానికి ఈ వ్యాసం ప్రయత్నిస్తుంది.

కరువుకు ముందు పదేళ్ళు

‘కూటి కోసం మారిన మతం’ అన్న నింద నిలబడాలంటే మత స్వీకారం కరువుతో మొదలై ఉండాలి. కాలక్రమం ఆ మాటను సమర్థించదు.

అమెరికన్ బాప్టిస్టు మిషన్ తెలుగు ప్రాంతంలో 1836 నుంచి పనిచేసింది. తొలి దశాబ్దాలలో దానికి దక్కిన ఫలితం అత్యల్పం. మిషన్ మూసివేయాలన్న చర్చ కూడా అమెరికాలో జరిగింది. జాన్ ఎవరెట్ క్లాఫ్ 1866లో, అప్పటికి నెల్లూరు జిల్లాలో భాగమైన ఒంగోలుకు వచ్చి స్థిరపడ్డాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిదిమంది సభ్యులతో ఏర్పడింది. ఉద్యమంగా చెప్పదగినది ఆ తర్వాతే మొదలైంది. దానిని మొదలుపెట్టినవాడు యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ.

పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసేవాడు. వ్యాపారం మీద ఊళ్ళు తిరిగేవాడు. క్రైస్తవ బోధ వినకముందే అతడు యోగ మార్గంలో గురూపదేశం పొందినవాడని ఎమ్మా రౌషెన్‌బుష్ క్లాఫ్ తన గ్రంథంలో నమోదు చేసింది. అంటే పేరయ్య దొర కోసం చీకటిలో ఎదురుచూస్తూ కూర్చున్నవాడు కాడు. తన కాలపు ఆధ్యాత్మిక మార్గాలను వెదికి, పోల్చుకొని, ఎంచుకొన్నవాడు. 1866లో అతడు తన భార్యతో కలిసి బాప్తిస్మం పొందాడు. ‘భార్యతో కలిసి’ అన్న వివరం చిన్నదిగా కనిపించినా ఈ వ్యాసానికి కీలకమైనది. తర్వాత అతడు తన ఊరికి వెళ్ళి బంధువులకు చెప్పాడు. బంధువులు తమ వియ్యాలవారికి చెప్పారు. ఇచ్చిపుచ్చుకున్న పిల్లల ఊళ్ళ మీదుగా మాట సాగింది. తోళ్ళ బేరం, పెళ్ళి సంబంధం నడిచిన దారులలోనే కొత్త విశ్వాసమూ నడిచింది. క్లాఫ్ కూడా ఈ కుటుంబ బంధాల బలాన్ని గుర్తించాడు. మారినవారిని ఊళ్ళ నుంచి వేరుచేసి మిషన్ ఆవరణలో పెట్టకుండా, వారి పల్లెలలో, వారి వృత్తులలో, వారి పెద్దల మధ్యనే ఉండనిచ్చాడు.

ఈ పదేళ్ళలో మారినవారికి గంజి దొరకలేదు. ఉన్న గంజి కూడా పోయే పరిస్థితి వచ్చింది. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు అన్న మూడు నియమాలు సంఘంలో ఉండేవి. ఈ మూడూ ఊరి పెద్దలతో సంబంధాన్ని నేరుగా దెబ్బతీసేవే. జాతరలో డప్పు కొట్టడం మాదిగకు కేవలం ఆరాధన కాదు, వంశపారంపర్యంగా వచ్చిన ఊడిగం. దానిని నిరాకరించడం ఊరి కట్టుబాటును నిరాకరించడమే. ఫలితంగా పని ఇవ్వకపోవడం, నీటికి అడ్డుపడడం, కొట్టడం వంటి వేధింపులు ఎదురయ్యాయి. వాటిని తట్టుకొన్నది ఒంటరి వ్యక్తులు కాదు. కుటుంబాలు కుటుంబాలుగా తట్టుకొన్నాయి. ఒక ఇల్లు తడబడితే మరొక ఇల్లు ఆదుకొన్నది.

కాలువ గట్టు మీద

1876లో మొదలై 1878 దాకా మద్రాసు రాజధానిని పట్టి పీడించిన మహాక్షామాన్ని జనం ‘ధాత కరువు’ అని పిలిచారు. ప్రభుత్వం సహాయ పనులు చేపట్టింది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ సిఫారసు చేసిన కూలి పెద్ద మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. మట్టి తవ్వి మోసే శరీరానికి అది సరిపోదన్న వివాదం ఆనాడే చెలరేగింది. ఆ పనులలో ఒకటి గవర్నరు పేరు పెట్టిన బకింగ్‌హామ్ కాలువ. అంతకు ముందు సర్వేయరుగా పనిచేసిన అనుభవం ఉన్న క్లాఫ్ మూడున్నర మైళ్ళ కాలువ తవ్వకాన్ని గుత్తకు తీసుకొన్నాడు. సంఘ బోధకులు జట్ల మీద మేస్త్రీలుగా నిలబడ్డారు. పగలు మట్టి తవ్వినవారు విరామ వేళల్లో, రాత్రి పూట బోధకుల మాటలు విన్నారు.

నింద పుట్టినది ఇక్కడే. అయితే ఇక్కడే నిందకు సమాధానం కూడా ఉంది. కరువు సహాయం నడిచిన సుమారు 15 నెలల పాటు క్లాఫ్ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సహాయం ముగిసే దశలో, ఇక ఇవ్వడానికి ధనం లేదని చెప్పిన తర్వాత కూడా జనం వెనక్కి తగ్గలేదు. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ నదిలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. బాప్తిస్మం ఇచ్చినది క్లాఫ్ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు చొప్పున వంతులు మార్చుకొంటూ ఆ పని చేశారు. 1878లో మొత్తం 9,606 మంది చేరారు. అంతకు ముందే ఒంగోలు సంఘంలో మూడు వేలకు పైగా సభ్యులు ఉన్నారన్న సంగతిని ఈ పెద్ద అంకె కప్పేసింది.

కరువు ప్రభావం లేదని ఈ వ్యాసం వాదించడం లేదు. ఆకలి ఉన్నది, సహాయం అందింది, సహాయం చేసిన చేయి మీద గౌరవం కలిగింది. ఇవన్నీ వాస్తవాలు. కానీ ఆకలిగొన్నవారి ఎంపికను ఎంపికగా లెక్కించకపోవడంలో ఒక వివక్ష దాగి ఉంది. కడుపు నిండినవాడు మార్గం మారితే దానిని అన్వేషణ అంటాం. ఆకలిగొన్నవాడు మారితే బేరం అంటాం. పదేళ్ళ పాటు దెబ్బలు తిని నిలిచిన కుటుంబాల బంధువులే 1878లో నదిలో దిగారని గుర్తిస్తే ఈ తేడా ఎంత అన్యాయమైనదో తెలుస్తుంది.

లెక్కలో లేని ఇళ్ళు

2,222 అన్న అంకె మిషన్ చరిత్రలో ప్రసిద్ధం. క్లాఫ్ మరణానంతరం 1914లో వెలువడిన అతని జీవిత కథ ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’లోనూ దానికి ప్రముఖ స్థానం ఉంది. ఈ అంకెలో మనుషులు ఉన్నారు, ఇళ్ళు లేవు. ఎవరు ఎవరి చెల్లెలు, ఎవరు ఎవరి మామ, ఎవరు నది దాకా వచ్చి వెనుదిరిగారు, ఎవరు కరువులో పోయారు అన్నవి అంకెకు అందవు.

ఈ లోటును కొంత పూరించినది క్లాఫ్ రెండవ భార్య ఎమ్మా. ఆమె బెర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందిన విదుషి. 1899లో వెలువడిన ఆమె గ్రంథం శీర్షికను తెలుగులో ‘చెప్పులు కుడుతూ’ అనవచ్చు. మాదిగల కుల గాథలు, గురువుల కథలు, తొలితరం క్రైస్తవుల జీవితాలు అందులో ఉన్నాయి. చెప్పులు కుడుతూ మాట్లాడుకొన్న మాటల రూపంలో చరిత్రను చెప్పాలన్న ఊహ ఆ శీర్షికలోనే ఉంది. అయితే ఆ కథలు ఇంగ్లీషులో, విదేశీ పాఠకుల కోసం, మిషనరీ దృష్టి నుంచి రాసినవి. చెప్పినవారి తెలుగు అందులో వినిపించదు. ఆ కుటుంబాల లోపలి నుంచి, తెలుగులో, నవలా రూపంలో ఆ కథ రావడానికి మరో నూరేళ్ళు పట్టింది.

శివయ్య నుంచి సీమోను దాకా

‘అంటరాని వసంతం’ కథ ఎన్నెలదిన్ని అనే ఊరిలో మొదలవుతుంది. ఎల్లన్న కళాకారుడు, పాట కట్టి పాడేవాడు. అతని భార్య సుభద్ర. వారి కొడుకు శివయ్య, కోడలు శశిరేఖ కరువులో ఊరు విడిచి బకింగ్‌హామ్ కాలువ పనికి బయలుదేరుతారు. అక్కడ కులం వారికి అడ్డు నిలుస్తుంది. ఆకలి అందరిదీ అయినా తట్ట మోసే చోటు అందరిదీ కాలేదు. ఆ నిరాకరణ తర్వాతనే శివయ్య సీమోను అవుతాడు.

చరిత్ర గ్రంథంలో కాలువ ఒక సహాయ కార్యక్రమం. నవలలో కాలువ ఒక పరీక్షాస్థలం. కరువు కులాన్ని రద్దు చేస్తుందేమోనన్న ఆశ అక్కడ చచ్చిపోతుంది. ఈ కోణం నుంచి చూసినప్పుడు శివయ్య మత స్వీకారం గంజికి ప్రతిఫలంగా కనిపించదు. మనిషిగా పక్కన నిలబడనిచ్చిన చోటును అతడు ఎంచుకొన్నాడు. పేరు మార్పు కూడా ఈ దృష్టితో గమనించదగినది. సువార్తలలో సీమోను అన్న జాలరికి యేసు పేతురు అని కొత్త పేరు పెడతాడు. అక్కడ సీమోను పాత పేరు. శివయ్యకు సీమోను కొత్త పేరు. రెండు పేర్ల మొదటి అక్షరాల దగ్గరితనం వల్ల పాత మనిషి కొత్త పేరులో పూర్తిగా మాయం కాడు.

ఇక్కడ ‘మాలపల్లి’తో ఒక పోలిక ఉపయోగపడుతుంది. 1922లో వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణ నవలలో కూడా ఒక దళిత కుటుంబం, దాని విశ్వాసం, దాని సహనం కేంద్రంగా ఉన్నాయి. సంగదాసు హత్యకు గురవుతాడు, వెంకటదాసు తిరుగుబాటు దారి పడతాడు, రామదాసు తన వేదాంత నిష్ఠతో అన్నిటినీ ఓర్చుకొంటాడు. అక్కడ విశ్వాసం తండ్రి వ్యక్తిత్వంలో కేంద్రీకృతమైనది. కుటుంబం చెదిరినా తండ్రి చెదరడు. కల్యాణరావు నవలలో అటువంటి స్థిరమైన తండ్రి లేడు. తరాలు మారుతూ ఉంటాయి, మతం మారుతుంది, పేర్లు మారుతాయి. చెదరనిది జ్ఞాపకం ఒక్కటే. దానిని మోసేది ఒక కోడలు.

రూతు: కోడలి జ్ఞాపకం

శివయ్య, శశిరేఖల కొడుకు రూబేను. అతని భార్య రూతు. నవల మొత్తం రూతు జ్ఞాపకంగా సాగుతుంది. ఎల్లన్నను, సుభద్రను ఆమె కళ్ళతో చూసినది కాదు. భర్త చెప్పగా విన్నది. పుట్టింటి నుంచి వచ్చిన స్త్రీ, తాను చూడని మెట్టినింటి పెద్దల చరిత్రను కాపాడుతుంది.

ఈ పేరు ఎంపికను బైబిలు నేపథ్యంలో పరిశీలించాలి. పాత నిబంధనలోని రూతు గ్రంథం కరువుతో మొదలవుతుంది. కరువు వల్ల బేత్లెహేము కుటుంబం ఒకటి మోయాబుకు వలసపోతుంది. మగవారు అక్కడే మరణిస్తారు. పరాయి జాతి కోడలైన రూతు అత్తను విడవకుండా ఆమెతో వచ్చి, పొలాలలో పరిగె ఏరుకొని బతికి, ఆ వంశాన్ని నిలబెడుతుంది. కరువు, వలస, కూలి, కోడలి నిబద్ధత అన్న నాలుగు అంశాలూ మన నవలలోనూ ఉన్నాయి.

వంశక్రమంలో మరొక పోలిక ఉంది. బైబిలులో రూతు కొడుకు ఓబేదు, మనవడు యెష్షయి, యెష్షయి కొడుకు దావీదు. నవలలో రూతు కొడుకు ఇమ్మానుయేలు, మనవడు జెస్సీ. తెలుగు బైబిలులో యెష్షయి అని ఉన్న పేరే ఇంగ్లీషు ఉచ్చారణలో జెస్సీ. రెండు చోట్లా రూతుకు మనవడు అతడే. బైబిలులో ఆ వంశం రాజ్యానికి చేరుతుంది. నవలలో జెస్సీ విప్లవోద్యమంలోకి వెళ్తాడు. రచయిత ఉద్దేశించాడా లేదా అన్న ప్రశ్న కన్నా, క్రైస్తవ పల్లెలలో పిల్లలకు పేర్లు పెట్టే సంప్రదాయం తెలిసిన పాఠకునికి ఈ సామ్యం అర్థవంతంగా కనిపిస్తుందన్నది ముఖ్యం. వంశవృక్షం రాసుకోవడానికి తావు లేని జనానికి బైబిలు ఒక వంశావళిని ఇచ్చింది. వారు తమ పిల్లలను అందులో రాసుకొన్నారు.

రూతు చేసే పనికి సాహిత్య చరిత్రలో పేరు లేదు. ఎల్లన్న పాటలు తాటాకు మీదికి ఎక్కలేదు. అచ్చుకు రాలేదు. అవి లిఖిత సాహిత్య చరిత్ర పరిధిలోకి రాకపోవడం గురించిన వేదన నవలలో బలంగా ఉంది. తెలుగు క్రైస్తవ సాహిత్య చరిత్ర కూడా ఎక్కువగా పురుషోత్తమ చౌదరి కీర్తనల నుంచి జాషువ ‘క్రీస్తు చరిత్ర’ దాకా పద్య గేయ రచనల చుట్టూ తిరిగింది. ఇళ్ళలో ముసలమ్మలు మనవలకు చెప్పిన కరువు కథలు, తొలి బాప్తిస్మం కథలు అందులో చేరలేదు. రూతు పాత్ర ఆ ముసలమ్మలందరి ప్రతినిధి.

పొందినది, పోయినది

విశ్వాస చరిత్రను కేవలం విజయ చరిత్రగా చెప్పడం మిషనరీ కథనంలోని లోపం. నవల ఆ లోపానికి లోను కాలేదు. కొత్త మతం అక్షరాన్ని ఇచ్చింది, ఆసుపత్రిని ఇచ్చింది, తలెత్తి నిలబడే చోటును ఇచ్చింది. అదే సమయంలో డప్పును దించమంది. ఊడిగపు డప్పు దించడం విముక్తే. కానీ ఊడిగంతో పాటు కళ కూడా దిగిపోయింది. ఎల్లన్నను కథ ఆరంభంలో నిలపడం వల్ల తర్వాతి తరాలు ఏమి పొందాయో, ఏమి పోగొట్టుకొన్నాయో రెండింటినీ పాఠకుడు ఒకే కొలతతో కొలవగలుగుతాడు.

కులం విషయంలోనూ ఇదే. చర్చి గడప దాటినంత మాత్రాన కులం బయట ఆగిపోలేదు. స్వతంత్ర భారతదేశం ఈ సమస్యను మరొక రూపంలో కొనసాగించింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కింద షెడ్యూల్డు కులాల హోదా 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవులకు వర్తించలేదు. దానివల్ల ఎన్నో ఇళ్ళలో చర్చి పుస్తకంలో ఒక పేరు, బడి పుస్తకంలో ఒక పేరు ఉండే స్థితి ఏర్పడింది. శివయ్య సీమోనుగా మారడం పందొమ్మిదవ శతాబ్దపు ఘటన. సీమోను మనవలు కాగితం మీద మళ్ళీ శివయ్యలుగా ఉండవలసి రావడం మన కాలపు ఘటన. విశ్వాసాన్ని ఇంట్లో దాచుకొని కాగితం మీద మరొకటి రాయించుకొనే కుటుంబం పడే యాతనకు ఈ నవల ఒక చారిత్రక నేపథ్యాన్ని ఇస్తుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. చర్చిని విమర్శించి, కథను విప్లవోద్యమం దాకా నడిపిన నవలను క్రైస్తవ చారిత్రక కల్పన అనవచ్చా? భక్తి ప్రబోధమే క్రైస్తవ కల్పన లక్షణమైతే అనలేము. కానీ ఒక విశ్వాస సమాజం తన గతాన్ని తాను చెప్పుకొనే కథనంగా నిర్వచిస్తే, తెలుగులో దీనికి సాటి రాగల నవలలు తక్కువ. సాక్ష్యం చెప్పేవాడు తన పాపాన్ని కూడా చెప్పాలన్నది క్రైస్తవ సంప్రదాయమే. సంఘం గురించి సాక్ష్యం చెప్పే నవల సంఘం పాపాన్ని దాచకపోవడం ఆ సంప్రదాయానికి విరుద్ధం కాదు.

ముగింపు

ఒంగోలు ప్రాంత క్రైస్తవ చరిత్రను కాలక్రమంలో పరిశీలించినప్పుడు మూడు అంశాలు తేలాయి. ఒకటి, ఉద్యమం కరువుకు పదేళ్ళ ముందే, పేరయ్య వంటి వారి చొరవతో మొదలైంది. రెండు, అది బంధుత్వపు దారుల వెంట, కుటుంబాలను ఆధారం చేసుకొని వ్యాపించింది. మూడు, కరువు సహాయ కాలంలో బాప్తిస్మాలు ఆగాయి, సహాయం ముగిసే దశలో ఉప్పెనలా వచ్చాయి. మిషనరీ కథనం, నింద అనే రెండూ ఈ మూడు అంశాలను వివరించలేవు.

‘అంటరాని వసంతం’ వీటికి కథారూపం ఇచ్చింది. అందులో సహనం మౌనంగా పడి ఉండడం కాదు. ఊరు విడవడం, పేరు మార్చుకోవడం, పిల్లలకు పేర్లు పెట్టడం, చూడని పెద్దలను గుర్తుపెట్టుకోవడం అన్నీ సహనపు రూపాలే. విశ్వాసం ఆ పనులకు ఒక భాషను ఇచ్చింది, కుటుంబం వాటికి నీడను ఇచ్చింది. ఈ కుటుంబాలలో ఇప్పటికీ మిగిలి ఉన్న మౌఖిక కథనాలను, తరాల పేర్లను, పెళ్ళి సంబంధాల ఊళ్ళను నమోదు చేయడం తెలుగు శాఖలు చేపట్టదగిన పని. నవలలోని రూతు తాను చూడని ఎల్లన్నను కాపాడింది. పల్లెలలో మన ఎదుటే ఉన్న రూతుల మాటలు వినకుండా రాసే సాహిత్య చరిత్ర 2,222 అన్న అంకె లాగానే మిగులుతుంది. అందులో సంఖ్య సరిగానే ఉంటుంది, ఇళ్ళు మాత్రం ఉండవు.